కాలువ వెంట... కోనసీమకు!

కారులో వెళ్తే కోనసీమకు ఒక్కరోజు చాలు. రావులపాలెం దగ్గర లోపలికి తిరిగి, అమలాపురంలో భోంచేసి, అంతర్వేదిలో దణ్నం పెట్టుకుని, చీకటిపడేలోగా తిరిగొచ్చేయొచ్చు. అలా వచ్చినవాళ్లను ‘ఏం చూశారు?’ అనడిగితే ‘కొబ్బరిచెట్లు’ అంటారు. ఆ చెట్ల మొదట్లో పారే నీరు ఎక్కణ్నుంచి వచ్చిందో, చివరికి ఏమవుతోందో తెలియాలంటే మాత్రం సైకిలెక్కాలి. మూడు రోజులు తొక్కాలి.

మ్యాపులో కోనసీమ ఓ ముక్కోణపు దీవిలా ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వశిష్ఠలుగా చీలుతుంది. ఓ పక్క గౌతమి, మరో పక్క వశిష్ఠ, అడుగున బంగాళాఖాతం. అది చాలదన్నట్టు వశిష్ఠ నుంచి విడివడిన వైనతేయ దీవిని మళ్లీ రెండు ముక్కలు చేస్తుంది. 2022లో ఏర్పడిన జిల్లాకు ఈ దీవే గుండెకాయ. ఇక్కడ కొండలూ గుట్టలూ లేవు కాబట్టి గేర్ల సైకిలే కావాలన్న పట్టింపు అక్కర్లేదు. ఇంట్లో మూలనపడ్డ మామూలు సైకిలుకు నూనె వేసి, బ్రేకులు బిగించుకున్నా చాలు. తేలిక కదా అని లెక్కాపత్రం లేకుండా బయల్దేరితే మాత్రం ఇబ్బందే. ఇక్కడ ప్రయాణాన్ని నిర్ణయించేది నీరు.

నీటిని బట్టే ముహూర్తం

జులై నుంచి సెప్టెంబరు దాకా గోదావరికి వరదల కాలం. లంక గ్రామాల కాజ్‌వేలు మునిగిపోతాయి, రేవుల్లో పంట్లు ఆగిపోతాయి. అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. 1996 నవంబరు 6 రాత్రి విరుచుకుపడ్డ తుపాను గురించి కోనసీమలో ఏ పెద్దాయన్ని కదిపినా కథలు కథలుగా చెబుతారు. ఆ రాత్రి కూలిన కొబ్బరిచెట్లకు లెక్కేలేదు. పోనీ వేసవి సెలవుల్లో వెళ్దామా అంటే మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. ఎండ సరేసరి.

మిగిలింది డిసెంబరు నుంచి ఫిబ్రవరి. దాళ్వా కోసం కాలువలు నిండుగా పారుతుంటాయి. చేలల్లో నాట్లు పడుతుంటాయి. కనుమ నాటికి వెళ్తే జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడొచ్చు. పచ్చటి చేల మీదుగా, నీళ్లకు అడ్డంపడి జనం ప్రభలను భుజాన మోసుకెళ్లడం చూసి తీరాల్సిందే! మాఘంలో అంతర్వేది నరసింహస్వామి కల్యాణం. ఆ రోజుల్లో గది దొరకదు, రోడ్డు మీద సైకిలుకు చోటు దొరకదు. తీర్థం కావాలో, తీరిక కావాలో ముందే తేల్చుకోవాలి.

సంచిలో ఏముండాలి?

పంక్చరు సామాను, ఓ అదనపు ట్యూబు, గాలి పంపు, ముందూ వెనకా లైట్లు, తాళం. రెండు జతల బట్టలు, తలకు చుట్టుకోను తువ్వాలు. తెల్లవారుజామున మంచు పడుతుంది కాబట్టి పల్చటి స్వెట్టరు. మంచినీళ్లకూ బొండాలకూ ఈ దారిలో కొదవ లేదు.

జాగ్రత్తలు రెండు. ఒకటి, చీకటిపడ్డాక కాలువ గట్ల మీద తొక్కొద్దు. చాలాచోట్ల అడ్డుగోడలుండవు. ఎదురుగా కొబ్బరికాయల లారీ వస్తే పక్కకు తప్పుకోవడానికి నీళ్లే మిగులుతాయి. రెండోది, గాలి. కొండలు లేని ఈ నేల మీద సైకిలుకు అదే కొండ. మధ్యాహ్నం సముద్రం మీంచి ఎదురుగాలి మొదలవుతుంది. కాబట్టి ఆరింటికల్లా బయల్దేరి, వీలైనంత దూరం పదకొండులోపే ముగించాలి.

మొదటి రోజు: తలుపు దగ్గర

రాజమహేంద్రవరంలో రైలు దిగి (సైకిలును పార్శిల్లో వేసుకోవచ్చు) ధవళేశ్వరం చేరితే అక్కడే కాటన్‌ మ్యూజియం. ఓ అరగంట ఆగాలి. 1833 నాటి నందన కరవులో తెలుగు నేల మీద లక్షలమంది ఆకలికి బలయ్యారు. నది పక్కనే పారుతున్నా గోదావరి జిల్లాకు కరవు కొత్తకాదు. సర్‌ ఆర్థర్‌ కాటన్‌ 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టి 1852కి పూర్తిచేశాడు. తర్వాత దాని స్థానంలో బ్యారేజీ కట్టి ఆయన పేరే పెట్టారు. దాని మీదుగా బొబ్బర్లంక వస్తే, మధ్య డెల్టాకు నీరు వదిలే తలుపులు అక్కడే ఉన్నాయి. కోనసీమ పచ్చదనమంతా మొదలయ్యేది అక్కడే. ఇక ఆ నీటితోపాటే పోవాలి.

దారిలో ఆత్రేయపురం. బోర్లించిన కుండ మీద పల్చటి పిండి తడిగుడ్డతో ఇలా లాగితే అలా రేకు లేచివస్తుంది. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన పూతరేకులివే. ఆ సమీపంలోనే లొల్ల లాకులు. పెద్దకాలువ ఇక్కడ పాయలుగా విడిపోతుంది. దారి అడిగితే ‘తిన్నగా ఎల్లండాయ్‌... లాకులు దాటాక ఎడం చేతివైపు’ అంటారు. ఇక్కడ గుర్తులన్నీ నీటివే. ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామిని చూసుకుని, రావులపాలెం, కొత్తపేటల మీదుగా సాయంత్రానికి అమలాపురం చేరొచ్చు. మొత్తం 65-70 కిలోమీటర్లు. బసకు లాడ్జిలున్నాయి.

రెండో రోజు: నది మీద కాలువ

ఇది తక్కువ తొక్కి ఎక్కువ చూడాల్సిన రోజు. 50 కిలోమీటర్ల చుట్టుపక్కలే. చీరలు నేసే బండారులంక దాటితే కొబ్బరి మార్కెట్‌కు పేరుపడ్డ అంబాజీపేట. పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు దొరికితే పొద్దున టిఫిను అయిపోయినట్టే. పులస కోసం అడిగి భంగపడొద్దు. అది వరదల కాలపు చేప.

పి.గన్నవరం చేరాక సైకిలు దిగాలి. ఇక్కడ వైనతేయ అడ్డం వచ్చింది. కాలువ అవతలికి ఎలా వెళ్లాలి? నది మీద నుంచే! కాటన్‌ కాలంలో కట్టిన అక్విడక్టుకు వయసు మీదపడటంతో పక్కనే కొత్తది కట్టారు. దానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఈ ప్రాంతపు ఇల్లాలే ఆవిడ. వేళకాని వేళ వచ్చినవాళ్లకూ అన్నం వండిపెట్టి 1909లో కన్నుమూసింది. అవతలి లంకకు అన్నం పెట్టే నీటిదారికి అంతకంటే తగిన పేరేముంటుంది? కాసేపు నిలబడి చూస్తే పైన కాలువ ఒకవైపు, కింద నది మరోవైపు పారుతుంటాయి. అక్కణ్నుంచి అప్పనపల్లి బాలబాలాజీని దర్శించుకుని, రాజోలు మీదుగా దిండి చేరితే వశిష్ఠ ఒడ్డున రాత్రి బస.

మూడో రోజు: శివారు

చాలామంది ఈ రోజును వదిలేసి తిరిగొచ్చేస్తారు. అసలు చూడాల్సింది ఇదే. మలికిపురం దాటి సముద్రం వైపు పోయేకొద్దీ కాలువ సన్నబడుతుంది. వరిచేలు తగ్గి చేపల, రొయ్యల చెరువులు కనబడతాయి. బొబ్బర్లంకలో ఉరకలేసిన నీరు ఇక్కడికి ఓపిక లేనట్టు చేరుతుంది. రైతులు వీటిని ‘శివారు భూములు’ అంటారు. నీరు ఆఖరున అందేదీ, ముంపు ముందుగా తగిలేదీ వీళ్లకే. కేశనపల్లి వైపు వెళ్తే తలలు వాలిపోయిన కొబ్బరితోటలు కనిపిస్తాయి. శంకరగుప్తం డ్రెయిన్లోకి సముద్రపు నీరు ఎగదన్ని, ఉప్పు వేళ్లకు చేరింది. 2011లో కోనసీమ రైతులు ఖరీఫ్‌ సాగు మానేసి పంట విరామం ప్రకటించింది ఎందుకో పుస్తకాలు తిరగెయ్యక్కర్లేదు. మురుగు పోయే దారి బాగా లేకపోతే పచ్చటి నేల ఎన్నాళ్లు పచ్చగా ఉంటుందో ఈ పది కిలోమీటర్లు తొక్కితే అర్థమవుతుంది. పిల్లలతో వెళ్లినవాళ్లు ఇక్కడ తప్పక ఆగాలి. మొదటిరోజు చూసిన తలుపులకూ ఈ చెట్లకూ ఉన్న సంబంధం వాళ్లే చెప్పేస్తారు.

అక్కణ్నుంచి అంతర్వేది. వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు. గుడి, లైట్‌హౌస్‌, ఆపైన ఇసుక. ఒడ్డును కోసుకుంటూ సముద్రం లోపలికి వస్తోందని ఊళ్లోవాళ్లు చూపిస్తారు. మూడు రోజులపాటు వెంట వచ్చిన నీరు ఇక్కడ ఉప్పనైపోతుంది.

తిరుగుదారికి సఖినేటిపల్లి రేవు. ముందురోజే వాకబు చేసుకుని, పంటు నడుస్తుంటే మోటారు సైకిళ్ల పక్కన మన సైకిలునూ ఎక్కించి వశిష్ఠ దాటడమే. అవతల నరసాపురం, రైల్వేస్టేషను. పంటు లేదంటే దిండి దాకా వెనక్కి వచ్చి చించినాడ వంతెన ఎక్కాలి. అలా జరిగినా బాధపడక్కర్లేదు. ఇక్కడివాళ్లు ఏటా వరదల్లో నెలల తరబడి అలాగే తిరుగుతారు. మనకైతే ఓ పూట ఆలస్యం... అంతే!