తడి ఉండకూడదు, ఎండిపోనూ కూడదు

మా బాబాయి జంతిక కొరికితే ముందు పన్ను విరిగింది. దానికి రూట్ కెనాల్ ముందే అయిపోయింది. గుంటూరులో ఆయన చూపించుకునే క్లినిక్‌కి తోడుగా వెళ్లి, డాక్టరమ్మ సరేనంటే కుర్చీ పక్కనే స్టూలు వేసుకున్నాను.

"ఈ పుల్ల వేస్తే పన్ను గట్టిపడుతుందామ్మా?" అన్నాడు బాబాయి.

"గట్టిపడదు మాస్టారూ. పైన కట్టేది ఊడకుండా పట్టుకుంటుంది, అంతే. బలమంతా చిగురు పైన మిగిలిన మీ సొంత పన్నుదే."

చుట్టూ 2 మిల్లీమీటర్ల గోడైనా ఉంటే క్యాప్ దాన్ని పొదివి పట్టుకుంటుందట. అదృష్టం, బాబాయికి అంత మిగిలింది.

ఆ పుల్లనే పోస్టు అంటారు. దాన్ని నా చేతికిచ్చారు. అగ్గిపుల్ల కన్నా సన్నం. గాజుపోగుల్ని రెజిన్‌తో బిగించి చేసింది. లోహపు పోస్టు పంటి కన్నా ఎన్నో రెట్లు బిరుసు. కొరికిన బరువుకి అది వంగదు, వేరు చీలవచ్చు. చీలితే ఇక పీకడమే. గాజుపోగు పంటితోపాటు కాస్త వంగుతుంది. చెడితే చాలాసార్లు ఊడి వస్తుంది, అప్పుడు మళ్లీ అంటించుకోవచ్చు.

ఊడకుండా అంటించడమే అసలు పని. రూట్ కెనాల్‌లో నింపిన గట్టాపెర్చాని వేరు కొసన 4, 5 మిల్లీమీటర్లు ఉంచి పైదంతా తీశారు. గోడలకు అప్పుడు పూసిన పాత పూత మిగలకూడదు. అందులో లవంగనూనెలోని యూజినాల్ ఉంటే పోస్టుని అంటించే రెజిన్ సిమెంట్ సరిగ్గా గట్టిపడదు. కాలువ కడిగే హైపోక్లోరైట్ మిగిలినా చిక్కే.

ఉమ్ము చేరకుండా రబ్బరు షీటు బిగించారు. ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పిన బాబాయి నోరు కట్టుబడటం అదే మొదటిసారి చూశాను! తడి పీల్చే సన్నని కాగితపు పుల్లలు, పేపర్ పాయింట్లు, కాలువలోకి ఒక్కొక్కటే దించి తీశారు. నాలుగోది పొడిగా వచ్చింది. గాలి మాత్రం కొట్టలేదు. "మరీ ఎండగొట్టినా ఈ సిమెంట్ పట్టదండీ" అన్నారు.

సన్నని గొట్టం అడుగుదాకా దించి, కిందినుంచి సిమెంట్ నింపుతూ పైకి తీశారు. ఇరుకు మూతి సీసాలో పైనుంచి నూనె పోస్తే గాలి అడ్డుపడదూ, అదే బాధ ఇక్కడా. పోస్టు దించి, పొంగింది తుడిచి, నీలి లైటు 40 సెకన్లు పట్టారు. ఆ వెలుగు అడుగుదాకా సరిగ్గా అందదు. అందుకే వెలుగు లేని చోట తనంతట తానే గట్టిపడే డ్యూయల్ క్యూర్ సిమెంట్ వాడారు.

పోస్టు వేయించుకోబోయేవాళ్లు దాని ధరతోపాటు ఇంకొకటి కూడా అడగండి: చిగురు పైన నా పన్ను ఎంత మిగిలింది?