సూర్యుడి ఊరికి రెక్కలు

ఆదివారం పొద్దున్నే శ్రీకాకుళంలో ఆటో ఎక్కితే 'ఎక్కడికి' అని అడిగే పనే లేదు. అందరిదీ అరసవల్లి దారే. రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. ఇంద్ర పుష్కరిణి దగ్గర స్నానాలు, మండపంలో సూర్య నమస్కారాలు, బయట కొబ్బరికాయల బేరాలు. ఏడో శతాబ్దంలో కళింగరాజు దేవేంద్రవర్మ ఈ గుడి కట్టించాడంటారు. మార్చి, అక్టోబరు నెలల్లో కొద్దిరోజులు ఉదయకిరణాలు గోపురం దాటి లోపలికొచ్చి స్వామి పాదాలను తాకుతాయి. మబ్బు పట్టిందా, మళ్లీ ఆర్నెల్లు ఆగాల్సిందే!

ఆ క్యూలో దూరాభారం నుంచి వచ్చిన సిక్కోలు బిడ్డలు చాలామందే ఉంటారు. పని కోసం ఊరు దాటడం ఈ జిల్లాకు పాత అలవాటు. వాళ్లను సొంతూరికి దగ్గర చేసే ఏర్పాటు ఒకటి విశాఖ వెళ్లే జాతీయ రహదారి పక్కనే, విజయనగరం జిల్లా భోగాపురంలో తయారైంది. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టుకున్న ఆ విమానాశ్రయంలో 2026 జనవరి 4న పరీక్షా విమానం దిగింది.

కట్టింది జీఎంఆర్. రాజాంలో జనపనార వ్యాపారంతో ఎదిగిన గ్రంధి మల్లికార్జునరావు సంస్థ. ఒక్కో ప్రయాణికుడికి 303 రూపాయల చొప్పున రాష్ట్రానికి చెల్లిస్తామని బిడ్ గెలిచి, 2020లో ఒప్పందం చేసుకుంది. మరి అంత డబ్బు ఒక్క కంపెనీయే తేగలదా? లేదు. 2015లో కేంద్రం ఏర్పాటుచేసిన ఎన్ఐఐఎఫ్ నిధి 675 కోట్ల రూపాయలు పెట్టడానికి ముందుకొచ్చింది. తర్వాత తప్పనిసరిగా వాటాలుగా మారే డిబెంచర్ల రూపంలో. అంటే ఇవాళ అప్పు, రేపు భాగస్వామ్యం. ఆ నిధి వెనక కేంద్రంతోపాటు అబుదాబి, సింగపూర్ పెట్టుబడి సంస్థలూ, ఆస్ట్రేలియా ఉద్యోగుల, కెనడాలోని ఒంటారియో టీచర్ల పింఛన్ నిధులూ ఉన్నాయి. ఎక్కడి టీచరమ్మ దాచుకున్న సొమ్ము, ఎక్కడి భోగాపురం! ప్రభుత్వ పెట్టుబడి ముందుంటే పరాయి దేశపు మదుపుదారుకు ధైర్యం. ఇదే జీఎంఆర్ ఫిలిప్పీన్స్‌లోని సెబూ విమానాశ్రయాన్ని చేపట్టినప్పుడు ఆసియా అభివృద్ధి బ్యాంకు 7.5 కోట్ల డాలర్ల అప్పిచ్చింది. ఆ కిటుకే ఇక్కడా.

ఈ లెక్కల్లో రాని పెట్టుబడి మాత్రం భూమి. మొదట్లో చాలా ఎక్కువ అడిగారు. రైతులు రోడ్డెక్కాక తగ్గించి, చివరికి దాదాపు 2,200 ఎకరాల దగ్గర ఆగారు. కొబ్బరి, జీడితోటలు పోయాయి. కొన్ని ఊళ్లు లేచిపోయి గూడెపువలస, లింగాలవలసల్లో కొత్త కాలనీలయ్యాయి. రన్‌వే పక్కన వాళ్ల పిల్లలకు దొరికేది ఎలాంటి ఉద్యోగమో చూడాలి. పింఛన్ నిధులకు లాభం ఎప్పుడొస్తుందో ఒప్పందంలో ఉంటుంది గానీ, ఇది ఉండదు.

రైల్లో వచ్చేవారు ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగాలి. అక్కడి నుంచి శ్రీకాకుళానికి బస్సులు, ఆటోలు దొరుకుతాయి. కిరణ దర్శనం కోసమైతే మాత్రం ముందురోజు రాత్రికే చేరుకోండి. సూర్యుడు ఎవరి కోసమూ ఆగడు మరి!