ముందుగా చూడవలసిన గది

సీనియర్ లివింగ్ కమ్యూనిటీల మాట ఏ తెలుగింట్లో వచ్చినా, చర్చ ఎక్కువ దూరం సాగకముందే ఒక ప్రశ్న దగ్గర ఆగిపోతుంది: పిల్లలుండగా అక్కడికి వెళ్లాల్సిన ఖర్మ ఏమిటి? అందులో అభిమానం ఉంది, బాధ ఉంది, నలుగురూ ఏమనుకుంటారోనన్న భయమూ ఉంది. ఆ ప్రశ్నను పట్టుకుని కూర్చున్నంతసేపూ అసలు విషయం మాత్రం ముందుకు రాదు. అమ్మేవాళ్లు క్లబ్‌హౌస్, వాకింగ్ ట్రాక్, గుడి, యోగా హాలు చూపిస్తారు. వద్దనేవాళ్లు వెనకటి వృద్ధాశ్రమాలను తలుచుకుంటారు. ఇద్దరూ లెక్కలోకి తీసుకోని సంగతి ఒకటుంది. అరవై అయిదేళ్లప్పుడు అక్కడ చేరిన మనిషి ఎనభై అయిదేళ్లకు అదే మనిషిగా ఉండరు. మొదట్లో తన పనులన్నీ తానే చేసుకుంటారు. కొన్నేళ్లకు స్నానానికో, గుమ్మం దిగడానికో ఒక చెయ్యి సాయం కావాలి. ఆ తరవాత అన్నీ మంచం మీదే జరగాలి. మంచిచెడ్డల పట్టికలన్నీ మొదటి దశను దృష్టిలో పెట్టుకుని రాసినవే. ఇలాంటి చోటు మంచిదా కాదా అన్నది మూడో దశను బట్టే తేల్చాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఉమ్మడి కుటుంబాల్లో ముసలివాళ్లు హాయిగా వెళ్లిపోయేవారు కదా, ఇప్పుడు మాత్రం ఎందుకు కుదరదు అని అడిగేవాళ్లకు అంకెలతోనే జవాబు చెప్పాలి. 1951 జనాభా లెక్కల నాటికి దేశం మొత్తమ్మీద అరవై దాటినవాళ్లు దాదాపు 2 కోట్లు. 2011 నాటికి వాళ్లు 10 కోట్లు దాటారు. అప్పట్లో గుండెపోటుకో, న్యుమోనియాకో పోయేవాళ్లు ఇప్పుడు బతుకుతున్నారు. బతికి, పక్షవాతంతోనో మతిమరుపుతోనో ఏళ్ల తరబడి ఉంటున్నారు. చూసుకోవలసిన పిల్లల సంఖ్య మాత్రం తగ్గిపోయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో స్త్రీకి సగటున ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8 మంది పిల్లలు. ఆ ఇద్దరిలో ఒకరు డల్లాస్‌లో, ఇంకొకరు బెంగళూరులో ఉండటం ఇవాళ మామూలే. ఇక వెనకటి ఇళ్లల్లో ఆ సేవ ఎవరు చేశారో కూడా చెప్పుకోవాలి. మంచాన పడిన మామగారికి పక్క మార్చింది, అత్తగారికి గంజి పట్టింది కోడళ్లే. అందులో ప్రేమ ఉంది, కాదనను. కానీ వాళ్లకు వేరే దారి లేకపోవడం కూడా ఉంది. ఈ తరం కోడలు ఉద్యోగం మానేసి ఆ పని చేయాలని కోరే హక్కు మనలో ఎవరికీ లేదు.

పోలిక ఎక్కడ తప్పుతోందో కూడా ఇక్కడే తెలుస్తుంది. కమ్యూనిటీని మనం కళకళలాడే ఉమ్మడి ఇంటితో పోలుస్తున్నాం. నిజానికి పోల్చవలసింది ఇద్దరే మిగిలిన మూడు పడగ్గదుల ఫ్లాట్‌తో. 2017-18లో జరిగిన వృద్ధుల దేశవ్యాప్త సర్వే, లాసీ, అరవై దాటినవాళ్లలో దాదాపు 6 శాతం ఒంటరిగానూ, 20 శాతం భార్యాభర్తలు మాత్రమేగానూ ఉంటున్నారని తేల్చింది. అంటే నలుగురిలో ఒకరు ఇప్పటికే పిల్లలు లేని ఇంట్లోనే ఉన్నారు. అమెరికా వెళ్లి ఉండొచ్చు కదా అంటే, విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లకు సాధారణంగా ఒక్కో విడతకు ఇచ్చేది ఆరు నెలలే. కారు నడపలేక, మాట్లాడే తోడు లేక, జబ్బు చేస్తే ఆస్పత్రి బిల్లు తలుచుకుని వణుకుతూ గడిపే ఆ నెలలు చాలామందికి సెలవులాంటివే తప్ప శాశ్వతమైన ఏర్పాటు కావు.

ఈ ఖాళీ ఫ్లాట్‌తో పోలిస్తే కమ్యూనిటీ చేసే మేలు చాలా పెద్దది. బాత్‌రూంలో జారిపడి తుంటి ఎముక విరిగిన మనిషి, లోపల గడియ వేసుకుని ఉంటే, పొద్దున పనిమనిషి వచ్చేదాకా ఎవరికీ తెలియదు. కాలు జారని గచ్చు, గోడకు పట్టుకునే కడ్డీలు, చేతికందే ఎత్తులో అలారం, అది మోగితే పరుగెత్తుకొచ్చే మనిషి, ఇవి ఉన్నచోట ఆ ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. కానీ అంతకంటే పెద్ద మేలు డైనింగ్ హాల్లో ఉందని నా అభిప్రాయం. తెలంగాణ ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసు 2021లో 61కి పెరిగింది, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 62కి పెరిగింది. వాళ్ల ఇళ్లల్లో ఆడవాళ్లకు వంటింటి నుంచి విరమణ వయసు ఏ ప్రభుత్వమూ నిర్ణయించలేదు, ఏ కుటుంబమూ నిర్ణయించలేదు. ఆయన రిటైరై పేపరు చదువుకుంటున్నా, మోకాళ్ల నొప్పులతో ఆవిడ రెండు పూటలా కుక్కరు పెడుతూనే ఉంటుంది. డెబ్భై ఏళ్ల స్త్రీ కాఫీ తాగడానికి తానే లేచి పాలు కాచనక్కర్లేని రోజు ఆమె జీవితంలో మొదటిసారి ఇలాంటి చోటే వస్తుంది. అక్కడి పప్పు మన ఇంటి పప్పులా ఉండదు, పులుసులో బెల్లం ఎక్కువవుతుంది, ఆవకాయ బజారుది. ఇవి చిన్న విషయాలని నేననను. నోటి రుచి పోగొట్టుకోవడం ముసలితనంలో నిజమైన లోటే. అందుకే గదిలో చిన్న వంటగట్టు ఉండి, మనసైన రోజు పోపు వేసుకునే వీలు ఉండాలి. వండటం ఆమెకు ఇష్టమైతే చేసే పనిగా మిగలాలి, తప్పనిసరి పనిగా కాదు.

దీనికి గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. సొంత ఇంట్లోనే నర్సును పెట్టుకుంటే సరిపోదా? తెనాలిలోనో కరీంనగర్‌లోనో నలభై ఏళ్లు కాపురమున్న మనిషికి మందుల షాపు అబ్బాయి తెలుసు, పూజారి తెలుసు, పాలు పోసేవాడు తెలుసు. రెండు రోజులు కనబడకపోతే తలుపు తట్టేవాళ్లు అక్కడ ఉంటారు. అలాంటి మనిషిని తీసుకొచ్చి, భూమి చవకగా దొరికిందని హైదరాబాదు పొలిమేరల అవతల కట్టిన చోట, ఎవరూ తెలియనివాళ్ల మధ్య పెట్టడం మేలు చేయడం కాదు. ఈ అభ్యంతరం న్యాయమైనదే. ఊరు ఇంకా మనిషిని పట్టుకుని ఉంటే ఆ మనిషి అక్కడే ఉండాలి. అయితే ఊళ్లు కూడా మారుతున్నాయి. పక్కింటివాళ్లు తమ పిల్లల దగ్గరకు వెళ్లిపోయారు, వీధిలో సగం ఇళ్లకు తాళాలు. ఇంటికొచ్చే అటెండెంట్లు ఏజెన్సీ ద్వారా వస్తారు, నెలలో రెండుసార్లు మారతారు. వాళ్లను కనిపెట్టి ఉండటం, సెలవు పెడితే బదులు మనిషిని వెతకడం కూడా ఎవరో ఒకరు చేయాలి. అది చేయగల కొడుకో కూతురో అదే ఊళ్లో ఉంటే సొంతిల్లే మేలు. లేకపోతే భార్యాభర్తలిద్దరిలో ఓపిక ఉన్నవారు రెండోవారికి కాపలాదారుగా మారిపోతారు. వాళ్ల ఓపికా అయిపోయిన రోజు ఇద్దరికీ దిక్కుండదు.

మూడో దశ అన్నది ఇక్కడే మొదలవుతుంది. దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని, ఆ సంఖ్య సుమారు 88 లక్షలని లాసీకి అనుబంధంగా జరిగిన పరిశోధన అంచనా వేసింది. కమ్యూనిటీలో పదిహేనేళ్లు ఉండబోయే దంపతుల్లో ఒకరికి ఆ జబ్బు రావడం ఊహకందని విషయమేమీ కాదు. అప్పుడు ఏమవుతుంది? కొన్నిచోట్ల లోపలే నర్సింగ్ వార్డు, మతిమరుపు ఉన్నవాళ్లకు ప్రత్యేకమైన విభాగం ఉంటాయి. కొన్నిచోట్ల ఒప్పందంలో "స్వయంగా తన పనులు చేసుకోగలిగినంత కాలం" అన్న షరతు ఒకటి చిన్న అక్షరాల్లో ఉంటుంది. అంటే సాయం అవసరమైన రోజే బయటికి పొమ్మంటారు. ఎనభై ఏళ్లప్పుడు రెండోసారి ఇల్లు మారడం మొదటిసారి కంటే వెయ్యిరెట్లు కష్టం. చట్టం ఇక్కడ కొంతవరకే తోడొస్తుంది. 2016 నాటి రెరా చట్టం కింద, ఇల్లు చేతికొచ్చిన అయిదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డరు సొంత ఖర్చుతో సరిచేయాలి. భోజనం పెట్టడం మానేసినా, నర్సు రాకపోయినా మనకు దిక్కు మనం సంతకం పెట్టిన ఒప్పంద పత్రమే. అందుకే కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో రిటైర్మెంట్ హోమ్‌లకోసం ఇచ్చిన నమూనా మార్గదర్శకాల్లో బిల్డరు, సేవలందించే సంస్థ, కొనేవారు ముగ్గురూ కలిసి చేసుకునే త్రైపాక్షిక ఒప్పందం గురించి చెప్పింది. కట్టినవాళ్లు అమ్ముకుని వెళ్లిపోయాక సేవల బాధ్యత గాలిలో కలిసిపోకూడదన్నది దాని ఉద్దేశం. మార్గదర్శకం చట్టం కాదు. కాబట్టి అడిగి రాయించుకోవలసింది కొనేవాళ్లే.

డబ్బు లెక్క కూడా ఈ దశకే వేయాలి. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో ఒకరు గరిష్ఠంగా 30 లక్షలు పెట్టవచ్చు. వడ్డీ 8.2 శాతం ఉంటే, మూడు నెలలకోసారి వచ్చే ఆ డబ్బు సగటున నెలకు 20,500 రూపాయలవుతుంది. ఆ వడ్డీ అయిదేళ్లూ కదలదు. కమ్యూనిటీ నెలవారీ చార్జీ ఏటా 8 శాతం పెరిగితే తొమ్మిదేళ్లలో రెట్టింపవుతుంది, మంచాన పడ్డాక ఇరవై నాలుగు గంటల అటెండెంట్ ఖర్చు దానిపైన వచ్చి పడుతుంది. చేరిన రోజు సులువుగా కట్టగలిగిన చార్జీ, ఎక్కువ అవసరమున్న రోజున మోయలేనిదవుతుంది. పెంపుదల ఏటా ఎంత శాతం దాటకూడదో రాయించుకోకుండా, డిపాజిట్‌లో ఎంత తిరిగి వస్తుందో, ఎన్ని రోజుల్లో వస్తుందో తేల్చుకోకుండా చేరడం ప్రమాదం. కొనుక్కుంటే ఆస్తి మిగులుతుంది కదా అంటారు. నిర్ణీత వయసు దాటినవాళ్లే ఉండాలన్న నియమం ఉన్నచోట వారసులు అందులో ఉండలేరు, అమ్మబోతే కొనేవాళ్లూ తక్కువమందే. దాన్ని పెట్టుబడిగా చూడకపోవడమే మంచిది.

ఇల్లు ఎవరి పేరున ఉండాలన్న విషయంలో మన కుటుంబాలు చేసే పొరపాటు నాకు చాలా బాధ కలిగిస్తుంది. పాత ఇల్లు అమ్మి, ఆ డబ్బుతో కొత్త చోట కొని, పన్ను సౌలభ్యం కోసమనో మరెందుకోసమనో కొడుకు పేరున రిజిస్ట్రేషన్ చేయిస్తారు. లేదా భర్త ఒక్కరి పేరునే పెడతారు. ఆయన ముందుగా పోతే, లోపల ఉంటున్న ఆవిడ హక్కు కాగితాల మధ్య చిక్కుకుంటుంది. తల్లిదండ్రుల పోషణ, సంక్షేమ చట్టం, 2007లోని 23వ సెక్షన్, చూసుకుంటామన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తిని, ఆ మాట తప్పితే వెనక్కి తీసుకునే వీలు కల్పించింది. సుప్రీంకోర్టు 2025 జనవరిలో ఆ సెక్షన్‌ను వృద్ధులకు అనుకూలంగా, ఉదారంగా అన్వయించాలని చెప్పింది. మంచిదే. కానీ ట్రిబ్యునల్ మెట్లెక్కవలసిన అవసరం రాకుండా మొదటే ఇద్దరి పేరునా పెట్టుకోవడం అంతకంటే మంచిది.

ఒకే వయసువాళ్లను ఒకచోట చేర్చడం సమాజానికి చేటు కాదా అని అడిగేవాళ్లూ ఉన్నారు. వాళ్ల అనుమానానికి ఆధారం ఉంది. 1960లో అరిజోనాలో మొదలైన సన్ సిటీ ఇలాంటి ఊళ్లకు పెద్ద నమూనా అయింది. పిల్లలు లేని ఆ ఊరివాళ్లు తరవాతి ఏళ్లల్లో స్థానిక బడులకోసం పెట్టిన బాండ్ల ప్రతిపాదనలను ఓట్లతో పదేపదే ఓడించారు. పిల్లల అల్లరి వినబడని చోట ఉండగా ఉండగా పిల్లలు మన బాధ్యత కారనిపించడం సహజమేమో. మన దగ్గర కడుతున్నవాటికి ఇది హెచ్చరిక. ప్రహరీ లోపల ఒక బడికో, పసిపిల్లల కేంద్రానికో చోటిస్తే, రిటైరైన లెక్కల మాస్టారికి పని దొరుకుతుంది, పిల్లలకు తాతయ్యలు దొరుకుతారు.

పని దొరకడం అన్నానంటే ఊరికే కాదు. 1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అన్న మనస్తత్వ శాస్త్రవేత్తలు కనెటికట్‌లోని ఒక నర్సింగ్ హోమ్‌లో చేసిన ప్రయోగం ఈ రంగంలో అందరికీ తెలిసినదే. ఒక అంతస్తులోవాళ్లకు మీ గది సంగతి, మీ సమయం సంగతి మీరే నిర్ణయించుకోండని చెప్పి, పెంచుకోవడానికి తలా ఒక మొక్క ఇచ్చారు. మరో అంతస్తులోవాళ్లకు అన్నీ మేమే చూసుకుంటామని చెప్పి, మొక్కలకు నీళ్లు కూడా నర్సులే పోశారు. మూడు వారాలకే మొదటివాళ్లలో చురుకు, సంతోషం ఎక్కువగా కనబడ్డాయి. అక్కడిది అమెరికా, మనది వేరు అనవచ్చు. కానీ "నాన్నగారికేం తెలుసు, మేం బుక్ చేసేశాం" అని వాట్సాప్‌లో తేల్చేసే పిల్లలు మన దగ్గరే ఎక్కువ. తనంతట తాను ఎంచుకుని వెళ్లిన మనిషి అక్కడ కొత్త స్నేహాలు వెతుక్కుంటారు. ఎవరో తెచ్చి దింపిన మనిషి, ఎంత మంచి గదైనా, గేటు వైపే చూస్తూ కూర్చుంటారు. నడవగలిగిన రోజుల్లోనే నిర్ణయించుకోవాలని చెప్పేది ఇందుకే.

ఇదంతా డబ్బున్నవాళ్ల సంగతి అన్న మాటకు నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే అది నిజం. ప్రతి జిల్లాలోనూ కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమం ఒక్కటైనా ఉండేలా ప్రభుత్వాలు ఏర్పాట్లు చేయవచ్చని 2007 చట్టంలోని 19వ సెక్షన్ చెబుతోంది. చేసి తీరాలని చెప్పి ఉండవలసింది.

మీరు అమ్మానాన్నలకోసమో మీకోసమో ఇలాంటి చోటు చూడటానికి వెళ్తుంటే, అందులో ఉండబోయే మనిషిని వెంట తీసుకెళ్లండి. క్లబ్‌హౌస్ తరవాత చూడొచ్చు, ముందు నర్సింగ్ వార్డు చూపించమనండి. వార్డు లేదంటే, మంచాన పడ్డవాళ్లను ఎక్కడికి పంపుతారో అడగండి. రాత్రిపూట ఎంతమంది నర్సులు ఉంటారో, దగ్గరి ఆస్పత్రికి అంబులెన్సు ఎంతసేపట్లో చేరుతుందో అడగండి. ఒకరు పోయాక మిగిలినవారి పరిస్థితి ఏమిటో ఒప్పందంలో ఎక్కడ రాసి ఉందో వేలు పెట్టి చూపించమనండి. కొన్నాళ్లు అద్దెకు ఉండి చూసే వీలుంటే ఉండండి. ఆ పత్రాన్ని ఇంటికి తెచ్చుకుని, లాయరుకు చూపించాకే సంతకం పెట్టండి.