సూది ఇచ్చే గడువు

మా మదరసాలో చదువుకునే బాలికల తల్లులు నెలకోసారి సమావేశమవుతారు. ఖుర్ఆన్ పాఠం ముగిసిన తరువాత ప్రశ్నలకు కొంత సమయం కేటాయిస్తాము. ఒకప్పుడు జకాత్ లెక్కలు, పెళ్ళి సంబంధాలు, అత్తాకోడళ్ళ తగవులు ప్రస్తావనకు వచ్చేవి. కొన్నేళ్ళుగా ఎక్కువ ప్రశ్నలు మోకాళ్ళ చుట్టూ తిరుగుతున్నాయి. కుర్చీ మీద కూర్చుని చేస్తే నమాజు నెరవేరుతుందా? ఉపవాస స్థితిలో మోకాలికి ఇంజక్షన్ తీసుకోవచ్చా? ఆ రెండూ అయ్యాక, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, అసలు ప్రశ్న వస్తుంది: "ఆపా, డాక్టరుగారు స్టెరాయిడ్ సూది అంటున్నారు. కొందరేమో ఫిజియోథెరపీ అంటున్నారు. ఏది చేయించుకోమంటారు?"

మొదటి రెండు ప్రశ్నలకు జవాబు చెప్పడానికి నేను చదువుకున్నాను. మూడవదానికి జవాబు చెప్పవలసినవారు వైద్యులు. అయినా ఆ దారిలో నేనూ నడిచాను, మా అక్కయ్యా నడిచింది, ఇద్దరమూ చెరొక వైపు నుంచి. అందుకే ఈ నాలుగు మాటలు.

నేను మేడ్చల్‌లో ఉంటాను. మదరసా షామీర్‌పేట వైపు. పాతికేళ్ళకు పైగా తిపాయి ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని పాఠం చెప్పిన మనిషిని. యాభై రెండో ఏట కుడి మోకాలు మొరాయించింది. మెట్లు దిగేటప్పుడు పోటు, ఫజ్ర్ వేళ లేవగానే కాసేపు బిగువు, సజ్దా నుంచి లేవాలంటే నేల మీద చేయి ఆనించవలసి రావడం. అన్నిటికంటే నన్ను బాధించింది ఖఅదా. అత్తహియ్యాత్ చదువుతూ కాళ్ళు మడిచి కూర్చున్న ఆ కొద్దిసేపు మనస్సు అల్లాహ్ వైపు కాక మోకాలి వైపు మళ్ళేది.

ఎముకల డాక్టరుగారు ఎక్స్‌రే చూసి గుజ్జు అరుగుతోందన్నారు. ఈ 'గుజ్జు' అనే మాట మన ఇళ్ళలో బాగా పాతుకుపోయింది. ఎముకల చివరలను కప్పి ఉంచే నునుపైన మృదులాస్థినే అలా అంటున్నాము. విచిత్రమేమంటే అందులో నరాలు లేవు, కనుక నొప్పి తెలియజేసేది అది కాదు. కీలు లోపలి పొర వాచినప్పుడు, మృదులాస్థి కింది ఎముక మీద భారం పడినప్పుడు, తొడ కండరం సన్నగిల్లి కీలుకు ఆసరా తగ్గినప్పుడు నొప్పి పుడుతుంది. ఈ ఒక్క సంగతి బోధపడితే మన ప్రశ్న సగం విడిపోతుంది. సూది వాపును అణచుతుంది. వ్యాయామం కండరాన్ని నిలబెడుతుంది. అరిగినదాన్ని తిరిగి మొలిపించే శక్తి రెంటికీ లేదు.

మా అక్కయ్యది షామీర్‌పేట. నాకంటే ఆరేళ్ళు పెద్ద, పైగా షుగరు ఉంది. కూతురి నికాహ్ మూడు వారాలుందనగా నేల మీద అడుగు మోపలేని స్థితి వచ్చింది. డాక్టరు కీలులోకి స్టెరాయిడ్ సూది వేశారు. నాలుగో రోజుకు నడిచింది. నికాహ్ నాడూ, వలీమా నాడూ నిలబడి అతిథులను పలకరించింది. ఆ సూది అనవసరమని నేను ఎన్నడూ అనలేదు. బిడ్డ పెళ్ళినాడు తల్లిని మంచం మీది నుంచి లేపడం చిన్న మేలు కాదు. మూడు వారాల్లో ఏ వ్యాయామమూ ఆ పని చేయగలిగేది కాదు. అయితే ఆ తరువాత వారం రోజులు ఆమె షుగరు ఎన్నడూ లేనంతగా పెరిగింది. ఇలా జరుగుతుందని డాక్టరు ముందే చెప్పి ఉన్నందున రోజూ పరీక్షించుకుని, ఆయన సలహాతో మందు సర్దుకుంది. షుగరు ఉన్న సోదరీమణులు సూదికి ముందే ఈ మాట డాక్టరుకు గుర్తు చేయడం అవసరం. రెండున్నర నెలలకు నొప్పి మళ్ళీ వచ్చింది. కీలులో వేసే స్టెరాయిడ్ ప్రభావం సాధారణంగా కొన్ని వారాలు, మహా అయితే మూడు నెలల వరకే.

నేను సూది వద్దనుకున్నాను. అది ధైర్యం కాదు, తొందర లేకపోవడం. నా ఇంట్లో పెళ్ళి లేదు.

స్టెరాయిడ్ అనగానే కొందరు విషం పేరు విన్నట్లు ఉలిక్కిపడతారు, మరికొందరు అదే సర్వరోగ నివారిణి అనుకుంటారు. దాని చరిత్రలోనే ఈ రెండు ముఖాలూ ఉన్నాయి. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు కీళ్ళవాతంతో మంచాన పడిన ఒక యువతికి కార్టిజోన్ ఇచ్చారు. కొద్ది రోజుల్లో ఆమె నడిచింది. 1950లో ఆయనకూ, రసాయన శాస్త్రజ్ఞులు కెండాల్, రైక్‌స్టైన్‌లకూ నోబెల్ బహుమతి వచ్చింది. ఆ మందును ఎక్కువ కాలం వాడినవారిలో ముఖం ఉబ్బడం, ఎముకలు గుల్లబారడం వంటి కీడు కూడా బయటపడింది. ఒళ్ళంతటికీ ఇవ్వడం కంటే నొప్పి ఉన్న కీలులోనే ఇవ్వడం మేలన్న ఆలోచనతో 1951లో ఫిలడెల్ఫియాకు చెందిన హాలండర్ అనే వైద్యుడు కీలులోకి సూది వేసే పద్ధతిని ప్రకటించారు.

మన పల్లెల్లో ఉన్న గందరగోళం సరిగ్గా ఇక్కడే. 'సూది' అనే ఒకే మాటతో రెండు వేర్వేరు పనులను పిలుస్తున్నాము. ఎముకల వైద్యుడు చర్మాన్ని శుభ్రం చేసి, కీలు లోపలికి కొలత ప్రకారం వేసేది ఒకటి. ఊళ్ళో ఆర్ఎంపీ పది పదిహేను రోజులకోసారి నడుముకు వేసే 'నొప్పి సూది' మరొకటి. రెండవదానిలో చాలాసార్లు ఉండేది డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడే, కానీ అది మోకాలికి కాక ఒళ్ళంతటికీ పోతుంది. దానితోపాటు కాగితంలో మడిచి ఇచ్చే పేరులేని మాత్రలు. మూలికల పేరుతో అమ్మే కొన్ని పొడుల్లోనూ ఇదే మందు కలిసి ఉంటున్నది. మా సమావేశానికి వచ్చే ఒక పెద్దావిడ ఏళ్ళ తరబడి ఈ సూది వేయించుకున్నారు. ముఖం గుండ్రంగా ఉబ్బింది, చర్మం పలచబడి చిన్న దెబ్బకే కమిలిపోయేది. 'ఆ సూది మహిమ వల్లే నిలబడగలుగుతున్నా' అనేవారావిడ. ఇటువంటివారు విన్న వెంటనే మానేయడం కూడా ప్రమాదమే. ఎక్కువకాలం బయటి నుంచి స్టెరాయిడ్ అందితే శరీరం తనది తాను తయారు చేసుకోవడం తగ్గిస్తుంది. హఠాత్తుగా ఆపితే మనిషి కుప్పకూలవచ్చు. పెద్దాసుపత్రి వైద్యుని పర్యవేక్షణలో క్రమంగా తగ్గించుకోవాలి.

మరో భేదం కూడా చెప్పాలి. నేను రాస్తున్నది అరుగుదల గురించి. చేతివేళ్ళ చిన్న కీళ్ళు రెండు వైపులా వాచి, పొద్దున గంటసేపు పిడికిలి ముడవడం కష్టమైతే అది రుమటాయిడ్ కీళ్ళవాతం కావచ్చు. దానికి సూదీ చాలదు, వ్యాయామమూ చాలదు. ఆలస్యం చేస్తే కీళ్ళు వంకరపోతాయి. పంజాగుట్ట నిమ్స్‌లో ఈ జబ్బులకు ప్రత్యేక విభాగం ఉంది. ఈ వ్యాధికి నేడు ముందుగా ఇచ్చే మెథోట్రెక్సేట్, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన పరిశోధనల ఫలమేనని ఎందరికి తెలుసు!

ఇక అరుగుదలకు ఏది మేలన్న ప్రశ్నను నేరుగా పరీక్షించినవారున్నారు. 2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడిన అధ్యయనమది. అమెరికా సైనిక వైద్యశాలల్లో 156 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు స్టెరాయిడ్ సూది, మరొక జట్టుకు ఫిజియోథెరపీ ఇచ్చారు. వారి సగటు వయసు 56, దాదాపు నా ఈడువారే. నొప్పినీ, బిగువునూ, పని చేయలేకపోవడాన్నీ కలిపి 240 మార్కుల కొలతతో కొలిచారు. మార్కులు ఎంత ఎక్కువైతే బాధ అంత ఎక్కువ. మొదట ఇరువురూ 108 దగ్గర ఉన్నారు. ఏడాది గడిచాక సూది జట్టు 55.8కి, ఫిజియోథెరపీ జట్టు 37కి దిగారు. న్యాయంగా చెప్పాలంటే ఇద్దరికీ మేలు జరిగింది. వ్యాయామం చేసినవారికి మరింత జరిగింది. అంతకుముందు, 2017లో, మరో అధ్యయనంలో 140 మందికి రెండేళ్ళపాటు మూడు నెలలకోసారి, సగం మందికి స్టెరాయిడ్, సగం మందికి ఉత్త ఉప్పునీరు కీలులోకి ఎక్కించారు. చివరికి నొప్పిలో తేడా లేదు. స్టెరాయిడ్ తీసుకున్నవారి మృదులాస్థి మాత్రం ఎక్కువ పలచబడింది. అప్పుడప్పుడు ఒక సూది వేరు, దానినే అలవాటు చేసుకోవడం వేరని నాకు అర్థమైంది.

ఫిజియోథెరపీ అంటే కరెంటు పెట్టి, వేడి కాపడం పెట్టి పంపడమని నేననుకునేదాన్ని. పరదా దృష్ట్యా మహిళా ఫిజియోథెరపిస్టు కోసం వాకబు చేసి, మేడ్చల్ నుంచి బస్సెక్కి సికింద్రాబాద్ వరకు వెళ్ళాను. ఆమె యంత్రం ఊసే ఎత్తలేదు. తువాలు చుట్టి మోకాలి కింద పెట్టి, దాన్ని కిందికి అదిమి అయిదు లెక్కపెట్టమన్నారు. వెల్లకిలా పడుకుని ఒక కాలు మడిచి, రెండో కాలును నిటారుగా జానెడు పైకి లేపి నిలపమన్నారు. చేతుల సాయం లేకుండా కుర్చీ మీది నుంచి లేచి, మెల్లగా కూర్చోమన్నారు. ఇంతేనా అనిపించింది. పదేసి చొప్పున మూడు విడతలు చేసేసరికి తొడ వణికింది. మొదటి రెండు వారాలు నొప్పి కాస్త పెరిగింది కూడా. చాలామంది అక్కడే మానేస్తారని ఆమె హెచ్చరించారు. ఆరుసార్లు వెళ్ళాక ఇంట్లోనే చేసుకోమన్నారు. రెండు నెలలు నిండేసరికి మెట్లు దిగడం తేలికైంది. బరువు తగ్గించుకోమన్నది కూడా ఆమే: ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందట.

ఇప్పుడు నేల మీదనే సజ్దా చేస్తున్నాను, అల్ హమ్దులిల్లాహ్. ఖఅదాలో పిక్కకూ తొడకూ మధ్య చిన్న దిండు పెట్టుకుంటాను. పాఠం మాత్రం కుర్చీ మీద నుంచే చెబుతున్నాను.

"రోజూ అయిదు పూటల నమాజే గొప్ప వ్యాయామం, ఇంకేమీ అక్కర్లేదు" అనే మాట మన ప్రసంగాల్లో తరచు వినిపిస్తుంది. నాకది నచ్చదు. నమాజు ఆరాధన, వైద్యం కోసం ఏర్పరచినది కాదు. నిటారుగా కాలు లేపి నిలిపే ఆ కసరత్తు నమాజులో ఎక్కడా లేదు. ఇబ్న్ సీనా తన 'అల్ ఖానూన్' మొదటి గ్రంథంలో ఆరోగ్య రక్షణకు వ్యాయామాన్ని ప్రత్యేకించి చర్చించారు. ఆయన కూడా నమాజు చేసేవారి మధ్యనే బ్రతికారు కదా.

ధర్మశాస్త్రం విషయంలో మన సోదరీమణులు అవసరానికి మించి భయపడతారు. వ్యాధిగ్రస్తులైన ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు నిలబడలేకపోతే కూర్చుని, అదీ కాకపోతే పక్క మీద పడుకుని నమాజు చేసే వెసులుబాటును మహాప్రవక్త (సఅసం) ఇచ్చినట్లు బుఖారీలో ఉంది. సజ్దాలో తీవ్రమైన నొప్పి కలుగుతున్నా, జబ్బు ముదురుతుందని వైద్యుడు చెప్పినా కుర్చీ వాడుకోవచ్చు. పళ్ళు బిగబట్టి బాధ భరిస్తేనే పుణ్యమనుకోనవసరం లేదు. ఉపవాసం మాటకొస్తే, చర్మానికి, కండకు, నరానికి ఇచ్చే చికిత్స సూదుల వల్ల, పోషకాహారం ఎక్కించేవి తప్ప, ఉపవాసం భంగం కాదని జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 1997లో తీర్మానించింది. కీలులో వేసేదీ ఆ కోవలోనిదే. వైద్యం చేయించుకోవచ్చా అని ఎడారివాసులు అడిగినప్పుడు ప్రవక్త (సఅసం) అందుకు ప్రోత్సహించి, మందులేనిది ముసలితనం ఒక్కటేనని తెలిపినట్లు ఉసామా బిన్ షరీక్ (రజి) ఉల్లేఖనం తిర్మిజీలో, అబూదావూద్‌లో ఉంది. మోకాలి అరుగుదల ఆ రెంటి సరిహద్దులో నిలిచిన జబ్బేమోనని నాకనిపిస్తుంది: కొంత వ్యాధి, కొంత వయసు. వ్యాధి వంతుకు చికిత్స ఉంది. వయసు వంతును మాత్రం మోకాలితోపాటు మోసుకు తిరగవలసిందే.

మా అక్కయ్య రెండవసారి సూది అడిగినప్పుడు మూడు నెలలు నిండకుండా వేయనని డాక్టరే అన్నారు. ఈలోగా వ్యాయామం చేయమన్నారు. "రోజుకు అరగంటా? ఇంటెడు పని ఎవరు చేస్తారు చెల్లీ?" అన్నది నాతో. నేను చూసినంతలో మన ఇళ్ళలో ఫిజియోథెరపీకి అడ్డం వచ్చేది డబ్బు కాదు, దూరమూ కాదు, ఈ అరగంటే. సూదికైతే ఆటో పిలిచి కొడుకు తీసుకువెళతాడు, ఒక్క పూటతో సరి. వ్యాయామానికి తల్లి రోజూ అరగంట తన గదిలో తలుపు వేసుకోవాలి. ఆ సమయంలో చాయ్ అడగకుండా ఇంటిల్లిపాదీ ఊరుకోవాలి. మందుల చీటీలో ఈ మాట ఏ డాక్టరూ రాయడు. మా మేనల్లుడినీ అతని భార్యనూ కూర్చోబెట్టి నేనే చెప్పాను. "ఖాలా, అమ్మీ ఎన్నడూ అడగలేదే" అన్నాడు వాడు. నిజమే, ఆమె అడిగే మనిషి కాదు.

ఏడు నెలలైంది. అక్కయ్య ఎడమ మోకాలు బాగా కుదుటపడింది. కుడిది కుదుటపడలేదు, ఎక్స్‌రేలో ఎముకకు ఎముక తగులుతోంది. మోకీలు మార్పిడి గురించి ఆలోచించమన్నారు. ప్రధానిగా ఉండగానే వాజ్‌పేయి 2000లో ఒక మోకాలు, 2001లో రెండవది మార్పించుకున్న సంగతి ఆమెకు గుర్తుంది, అందువల్ల పెద్దగా బెదరలేదు. ఆపరేషన్‌కు ముందు మూడు నెలల్లో స్టెరాయిడ్ వేస్తే చీము పట్టే ప్రమాదం పెరుగుతుందట, అందుకే ఆ కాలికి ఇక సూది లేదన్నారు. రమజాన్ దాటాక తేదీ నిర్ణయించుకుంటామంటున్నారు. అప్పటి వరకు అస్ర్ తరువాత అరగంటసేపు ఆ ఇంట్లో ఎవరూ ఆమెను పిలవడం లేదు.