ఒకే కంఠం, రెండు భాషలు

కళాశాల ప్రవేశపత్రంలో "మాతృభాష" అని ఒక గడి ఉంటుంది. అందులో ఒక్క మాటకే చోటుంటుంది. ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడుతూ పెరిగిన మన విద్యార్థులలో అనేకులు అక్కడ క్షణకాలమైనా కలం ఆపుతారు. నేనూ ఒకనాడు ఆపినవాడినే. ఆ గడిని గురించి చాలాకాలంగా మనస్సులో మెదలుతున్న ఆలోచనలను ఈ వార్షిక సంచిక మిషతో మీ ముందుంచుతున్నాను. తెలుగు అధ్యాపకుడు ప్రబంధాన్ని గురించో శతకాన్ని గురించో వ్రాయక, ఎక్కడో టెక్సాస్‌లో పుట్టిన ఒక గాయని పాటల సంపుటిని గురించి వ్రాయడమేమిటని పెద్దలు ఆశ్చర్యపడవచ్చు. కొంచెం ఓపికతో చదవవలసిందిగా మనవి.

గత సంవత్సరం ప్రథమ సంవత్సరం తరగతిలో ఒక విద్యార్థినిని పద్యం చదవమన్నాను. ఆమె లేచి నిలబడింది, పుస్తకం తెరిచింది, చదవలేదు. తరగతి ముగిసిన తరువాత నా వద్దకు వచ్చి, "పద్యం వచ్చు సార్, అర్థం కూడా తెలుసు. కాని నేను నోరు తెరిస్తే నవ్వుతారు" అన్నది. ఆమెకు "ణ" పలకదు, "ళ" పలకదు. నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. ఆ నవ్వు నాకు బాగా పరిచితమైనది.

ఎం.ఏ. చదివే రోజులలో ఒక సదస్సులో పద్యం చదువుతూ నేను "వాణి" అనవలసినచోట "వాని" అన్నాను. చదువులతల్లి కాస్తా ఎవడో ఒక మగవాడైపోయింది. గది అంతా ఘొల్లుమన్నది. ఒక మిత్రుడు నన్ను ఆదుకొనబోయి, "పాపం, అతని భాష కాదుగదా" అన్నాడు. నవ్వుకంటే ఆ సానుభూతియే నన్ను ఎక్కువగా బాధించింది. నేను పుట్టింది నల్లగొండ జిల్లాలోని ఒక పల్లెలో. బావిగట్టున, బడిలో, పొలంలో నేను విన్నది తెలుగే. అది నా భాష ఎందుకు కాదు?

ఉర్దూ వైపైనా నాకు చోటు దొరికిందా అంటే అదీ లేదు. బంధువుల ఇంట ఒక వేడుకలో ఒక పెద్దాయనతో మాట్లాడుతూ "ఖలం" అన్నాను. మా నానీ అట్లాగే అనేది. దక్కనీ మాట్లాడే ఇళ్ళలో అట్లాగే అంటారు. ఆయన చిరునవ్వు నవ్వి, గొంతు లోపలినుండి పలకవలసిన ఆ అక్షరాన్ని నాచేత మూడుసార్లు పలికించారు. అరబ్బీ నుండి పారశీ, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చి "కలం" అయిన మాట అది. దారిపొడుగునా ఉచ్చారణ మారినందుకు ఆ మాటను ఎవరూ పరాయిదనలేదు. మనుషులకే ఆ మన్నన దక్కదు.

ఈ రెండు నవ్వుల నడుమ ఉన్న కాలంలో, హ్యూస్టన్ నగరంలో ఉద్యోగం చేస్తున్న మా చెల్లెలు ఒకనాడు ఫోనులో, "భయ్యా, నాతో పనిచేసే ఒక మెక్సికన్ ఆమె కారులో ఎప్పుడూ ఒకే గాయని పాటలు వింటుంది. ఆ అమ్మాయి కథ వింటే నువ్వే గుర్తుకొచ్చావు" అన్నది. ఆ గాయని సెలీనా కింతానీయా. ఆ సంపుటి పేరు "డ్రీమింగ్ ఆఫ్ యూ."

సెలీనా 1971 ఏప్రిల్ 16న టెక్సాస్ రాష్ట్రంలోని లేక్ జాక్సన్ అనే చిన్న పట్టణంలో జన్మించింది. ఆ రాష్ట్రం ఒకప్పుడు మెక్సికోలో భాగం; 1836లో విడివడి, 1845లో అమెరికా సంయుక్త రాష్ట్రాలలో చేరింది. సరిహద్దు కదిలినా మనుషులు ఉన్నచోటనే ఉండిపోయారు. అట్టి మెక్సికన్ మూలాలుగల టెక్సాస్ వాసులనే తెహానోలు అంటారు. 20వ శతాబ్దపు మధ్యకాలం వరకు అక్కడి పాఠశాలలలో పిల్లలు స్పానిష్ మాట్లాడితే దండించేవారు. అనేక కుటుంబాలలో తాతల భాష మనుమల నోట నిలువకపోవడం ఆ తరముల కథ.

సెలీనా ఇంట మాట్లాడినదీ, బడిలో చదివినదీ ఇంగ్లీషే. ఆమె తండ్రి ఒకప్పటి గాయకుడు. కుటుంబపు ఫలహారశాల దెబ్బతిని మూతపడిన తరువాత వారు కార్పస్ క్రిస్టీ నగరానికి తరలిపోయారు. అన్న, అక్క వాద్యాలు వాయించగా ఆ బాలిక పెళ్ళిళ్ళలో, వేడుకలలో పాడేది. శ్రోతలు కోరేది స్పానిష్ పాటలు. ఆమెకేమో ఆ భాష రాదు. తండ్రి ఒక్కొక్క మాటనూ పలికి చూపగా, ధ్వనిని ధ్వనిగా కంఠస్థం చేసి పాడింది. అర్థం తరువాత వచ్చింది. మదరసాలో అరబ్బీ పాఠాన్ని, బడిలో సంస్కృత శ్లోకాన్ని మనం మొదట నేర్చుకొన్నది కూడా ఆ విధంగానే కదా!

ఆమె పాడిన తెహానో సంగీతం కూడా అనేక ప్రవాహాల కలయికయే. జర్మన్, చెక్ వలసదారులు తెచ్చిన అకార్డియన్, పోల్కా నడక, మెక్సికో పాటలు, కొలంబియాలో పుట్టిన కుంబియా లయ అందులో కలిసిపోయాయి. ఆ రంగంలో పురుషులదే పైచేయిగా ఉండేది. అందులో నిలబడి 1994లో గ్రామీ పురస్కారం అందుకొన్నది. మెక్సికో పత్రికలవారి ఎదుట మాట్లాడేటప్పుడు ఆమె స్పానిష్ తడబడేది. నడుమ ఇంగ్లీషు మాటలు దొర్లేవి. ఆమె తన తడబాటును దాచుకొనలేదు. తెలియని మాటను నవ్వుతూ అడిగి ముందుకు సాగేది. జనం ఆమెను తమ బిడ్డగా స్వీకరించారు. 1995 ఫిబ్రవరి 26న హ్యూస్టన్‌లోని ఆస్ట్రోడోమ్‌లో ఆమె పాడినప్పుడు 60,000కు పైగా శ్రోతలు వచ్చారు.

ఆ దినాలలోనే ఆమె ఇంగ్లీషు సంపుటి తయారవుతున్నది. కాని 1995 మార్చి 31న, అభిమాన సంఘాన్ని నడిపిన ఒక స్త్రీ తుపాకి గుండుకు ఆమె బలి అయినది. అప్పటికామెకు 24 సంవత్సరాలు నిండలేదు. పూర్తయిన కొద్ది ఇంగ్లీషు పాటలకు పూర్వపు పాటలను జతచేసి, కొన్నింటిని కొత్తగా తీర్చి, 1995 జూలై 18న ఆ సంపుటిని వెలువరించారు. మొదటి వారంలోనే 3,31,000 ప్రతులు అమ్ముడుపోయి, అది అమెరికా జాబితాలో ప్రథమ స్థానంలో నిలిచింది. ఆ విజయంలో శోకం పాలు లేదనలేము. ఆమె మాత్రం దానిని చూడలేదు.

అందులో 13 పాటలున్నాయి. మొదటివి ఇంగ్లీషు ప్రేమగీతాలు; చివరివైపు స్పానిష్ పాటలు. నడుమ రెండు పాటలలో రెండు భాషలూ కలిసి వినిపిస్తాయి. మొదటి పాటలో ఆమె గొంతు చెవిదగ్గర చెప్పుకొన్నంత మెత్తగా ఉంటుంది. పన్నెండవ పాట మరియాచీ వాద్యబృందంతో పాడినది. అక్కడ అదే గొంతు గుండె లోతునుండి ఎగసి నిలుస్తుంది. చివరిది "బీడీ బీడీ బామ్ బామ్." ఆ మాటలు ఏ నిఘంటువులోనూ లేవు. గుండెదడను అనుకరించే ధ్వనులవి. అన్ని భాషలవారికీ ఒకేలా అర్థమవుతాయి.

ఈ సంపుటితో సెలీనా "ఇంగ్లీషులోకి దాటింది" అని అక్కడివారు చెప్పుకొంటారు. నన్ను ఆలోచింపజేసింది ఆ మాటే. ఇంగ్లీషు ఆమె చిన్ననాటి భాష. ఆమె నిజంగా దాటినది స్పానిష్‌లోకి. అది ఎన్నడో, బాల్యంలోనే, ఒక్కొక్క ధ్వనినీ కూడబెట్టుకొంటూ దాటింది. లోకం ఆమె ముఖం చూచి, పేరు చూచి, ఏది ఇల్లో ఏది పొరుగో తారుమారుగా నిర్ణయించింది.

నా విషయంలోనూ జరిగింది అదే. "ముస్లిము అయ్యుండి తెలుగులోకి వచ్చారు" అని నన్ను మెచ్చుకొంటారు. నేను తెలుగులోకి రాలేదు, అందులోనే పుట్టాను. తెలుగు మాధ్యమంలో చదివిన నాకు కష్టపడి దాటవలసి వచ్చినది ఉర్దూ లిపిలోకి. ముప్పై ఏళ్ళు దాటిన తరువాత, మన కళాశాలలోని ఒక ఉర్దూ అధ్యాపక మిత్రుని వద్ద మధ్యాహ్న విరామంలో అలిఫ్, బే దిద్దుకొన్నాను. అట్లా చెమటోడ్చి సంపాదించుకొన్న ఉర్దూ నాకు పరాయిది కాదు. పుట్టుకతో వచ్చిన తెలుగూ పరాయిది కాదు.

మన నేలకు ఇది కొత్తది కాదు. 16వ శతాబ్దంలో గోలకొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్ షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకొన్నారు. పొన్నికంటి తెలగన్న తన అచ్చతెలుగు కావ్యం "యయాతి చరిత్ర"ను అమీన్‌ఖానునకు అంకితమిచ్చాడు. పిఠాపురానికి చెందిన ఉమర్ ఆలీషా గత శతాబ్దంలో తెలుగు కవిగా కీర్తి గడించారు. వారినెవరినీ ఒక్క మాట పట్టే గడిలో ఇరికించలేము.

విద్యార్థులారా! తప్పుగా పలికినా ఫరవాలేదని నేను చెప్పడం లేదు. నేను భాషోపాధ్యాయుడను, "ణ"ను "ణ"గానే పలకాలని కోరతాను. సెలీనా కూడా తన తప్పులతో తృప్తిపడక నేర్చుకొంటూనే పోయింది. కాని నేర్చుకొనడానికి ముందు నోరు తెరవాలి. నవ్వుకు భయపడి మూసుకొన్న నోటికి ఏ గురువూ ఏ అక్షరాన్నీ నేర్పలేడు. నవ్వేవారికి కూడా ఒక మాట. మీరు నవ్వేది ఒక అక్షరాన్ని చూచి కావచ్చు; తలుపు మూసుకొనేది మాత్రం ఒక మనిషికి.

ఆ విద్యార్థినికి ఇదంతా ఒకనాడు చెప్పాను. కొన్ని వారాల తరువాత ఆమె తనంతట తానే లేచి పద్యం చదివింది. రెండవ పాదంలో "ణ" తప్పింది. వెనుక వరుసలో ఎవరో నవ్వారు. ఆమె ఒక్క క్షణం ఆగి, ఆ మాటను మళ్ళీ సరిగా పలికి, నాలుగవ పాదం వరకు చదివి కూర్చున్నది.

కళాశాల సంఘంవారికి చివరగా ఒక విన్నపం. వచ్చే సంవత్సరం ప్రవేశపత్రాలు అచ్చు వేయించేటప్పుడు, ఆ "మాతృభాష" గడిని రెండు మాటలు పట్టేంత వెడల్పు చేయించగలరు.