అవ్వ చెప్పిన సంపెంగ వాసన

తొండియార్‌పేటలో మా ఇంట్లో ఫిల్టర్ కాఫీదే రాజ్యం. సుగర్ వచ్చాక అవ్వ కాఫీ మానేసింది. సాయంత్రం ఆ వేళకు లేచి లోపలికి వెళ్ళిపోయేది. అప్పుడే చైనాలోని ఫుజియన్ ప్రాంతపు ఊలాంగ్ టీ, తియెగ్వాన్‌యిన్ మా ఇంటికి వచ్చింది.

ఇందులో పువ్వులేమీ కలపరు. ఆకును వాడబెట్టి, కుదిపి, కొంత మగ్గనిస్తే ఆ వాసన పుడుతుంది. అవ్వ దాన్ని సంపెంగ అంటుంది.

మా బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి కాబట్టి క్యాన్ నీళ్ళే మరిగిస్తాం. 100 మి.లీ.కు 5 గ్రాముల ఆకు. మొదటి నీళ్ళు వెంటనే వంపేసి, మళ్ళీ పోసి అర నిమిషం ఉంచుతాం. కాఫీలో రెండో డికాక్షన్ అంటే పలచనే. ఇక్కడ రెండు, మూడోసారికే ఉండచుట్టిన ఆకు విచ్చుకుని రుచి తేలుతుంది.

పాలూ చక్కెరా అక్కర్లేదు. అవ్వ ఇప్పుడు మాతోనే కూర్చుంటుంది.