పేరు లేని నగ

కవి పేరు తెలియని పద్యాలు, శిల్పి పేరు చెక్కని శిల్పాలు మన దేశంలో కోకొల్లలు. అట్టి రచనలకు కర్త ఎవరని విచారించడం తెలుగు అధ్యాపకునిగా నా వృత్తిలో ఒక భాగం. కాని ఒక గిల్టు నగకు కర్తను వెదకవలసిన పరీక్ష నాకు ఎదురవుతుందని ఏనాడూ ఊహించలేదు.

మా పెద్ద ఫుప్పీ ముప్పై సంవత్సరాలు చికాగోలో ఉండి, రెండేళ్ళ క్రితం హైదరాబాదుకు తిరిగి వచ్చారు. అక్కడి పాత సామానుల సంతలో కొన్న ఒక బ్రోచి ఆమె పెట్టెలో ఉన్నది. నీలపు గాజు రాళ్ళు. వెలుగు తగిలితే నెమలికన్ను వలె రంగులు మార్చేవి. మా బస్తీలో తండ్రి లేని ఒక ఆడపిల్ల కళాశాల రుసుము కోసం ఫుప్పీ దానిని అమ్మదలచారు. పాత నగల వ్యాపారి దానిని తిప్పి చూసి, "పేరు లేదమ్మా! పెద్ద కంపెనీదని ఎవరైనా వ్రాసి ఇస్తే మూడింతలు ఇస్తాను" అన్నాడు.

ఫుప్పీ నా వద్దకు వచ్చి, "బేటా, ఎప్పటివో పద్యాలు ఎవరు వ్రాశారో నువ్వు చెబుతావు గదా! దీనిని ఎవరు చేశారో చెప్పు" అన్నారు.

విశ్వవిద్యాలయంలో మా గురువులు నేర్పిన మార్గం ఒకటే: ముందు అంతస్సాక్ష్యం, తరువాత బాహ్యసాక్ష్యం. నగకు అంతస్సాక్ష్యం దాని వెనుకవైపున ఉంటుంది. ముందువైపు అందరినీ మెప్పించడానికి చేసినది. వెనుకవైపు చేసినవాని అలవాటును దాచలేదు. భూతద్దం తెచ్చుకొని, తెలిసినవారి గ్రంథాలు తిరగవేసి, కొన్ని సంగతులు గ్రహించాను.

న్యూయార్కులో 1920ల నుండి నగలు చేయించిన మిరియమ్ హాస్కెల్ తొలినాటి నగలలో అధిక భాగానికి పేరు ముద్ర లేదు. 1940ల చివరనే ఆ ముద్రలు వాడుకలోకి వచ్చాయి. అయినను, జాలీవంటి లోహపు రేకుపై చిన్న ముత్యాలను సన్నని తీగెతో చేతితో కట్టిన తీరును బట్టి వాటిని పోల్చుకుంటారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో తగరం వంటి లోహాలపై ఆంక్షలు రాగా, అమెరికాలో గిల్టు నగలకు సైతం వెండి వాడారు. 1955లో ట్రిఫారి సంస్థ వేసిన దావాలో, ఇట్టి నగలకు కూడ గ్రంథాల వలె కాపీరైటు రక్షణ ఉన్నదని న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆ పిమ్మట నగల వెనుక కాపీరైటు గుర్తు విరివిగా కానవచ్చింది. రంగులు మార్చే పూత గల రాళ్ళు 1950ల మధ్యలో వెలువడ్డాయి. కనుక మా ఫుప్పీ బ్రోచి అంతకు ముందుది కాజాలదు.

ఇక కర్త ఎవరు? 1947లో న్యూయార్కులో నెలకొన్న డెలిజా–ఎల్‌స్టర్ సంస్థ తన నగలపై పేరు ముద్రించలేదు. కొన్నింటికి కాగితపు చీటీలు మాత్రమే కట్టేది. చీటీ ఊడిపోతే నగ అనాథ. అనంతర కాలంలో వ్యవస్థాపకులలో ఒకరి కుమారుడు పాత నగలను చూసి, ఇది మాది, ఇది కాదు అని సేకరణకర్తలకు చెప్పగా అనేక నగలకు ఇంటిపేరు లభించింది. ఐదు లంకెల కంకణాలు, వెనుక తెరిచి ఉన్న పొడవాటి రాళ్ళు, మాటు పెట్టిన చోట మడుగు కట్టినట్లు పరచుకొన్న లోహం ఆ సంస్థ ఆనవాళ్ళు. మా బ్రోచిలో చివరి రెండూ ఉన్నాయి!

నా మనస్సు ఉప్పొంగింది. పేరు వ్రాసి ఇస్తే ఆ పిల్ల రుసుము పూర్తిగా తీరిపోతుంది. కాని కలం సాగలేదు. రాళ్ళు, రేకులు, కొక్కేలు విడిగా చేసి అమ్మే కర్మాగారాలు వేరే ఉండేవి. ఒకే రేకును పలు సంస్థలు కొనేవి. కొక్కెం విరిగితే మరొకటి అతికేవారు. ఒకటి రెండు ఆనవాళ్ళతో తీర్పు చెప్పరాదు. పేరుగలవాని వైపు పేరులేనివన్నీ జారిపోవడం సాహిత్యంలోనూ చూస్తున్నదే. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామాన్ని సైతం శ్రీనాథునిదే అన్న పండితులున్నారు గదా!

చివరకు ఒక కాగితంపై ఇట్లు వ్రాశాను: "1950ల మధ్యకాలం తరువాతిది. నిర్మాణం డెలిజా–ఎల్‌స్టర్ పద్ధతిని పోలి ఉన్నది. నిర్ధారణ కాలేదు." ఫుప్పీ చదివి కొంతసేపు మాట్లాడలేదు. వ్యాపారి తన మొదటి ధరే ఇచ్చాడు. తక్కువపడిన సొమ్ము ఫుప్పీ, నేను చెరిసగం వేసుకున్నాము.

కథ ఇంతటితో ముగియలేదు. మా దాదీ లాడ్ బజారు దుకాణాలకు ఇంటివద్ద లక్క గాజులు చేసేది. సెగకు మెత్తబడిన లక్కలో ఒక్కొక్క రాయి అద్దేది. "అతుకు దగ్గర ఒక చిన్న రాయి పెడతాను. ఏ పెళ్ళిలో చూసినా నా గాజు నాకు తెలుస్తుంది" అనేది. 2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఊరికి పేరు వచ్చింది. చేసిన చేతికి మాత్రం రాలేదు.

దాదీ చేసినవని మా ఇంట ఒక జత గాజులు దాచుకున్నాము. బ్రోచి అమ్మిన రాత్రి, అదే భూతద్దంతో వాటి అతుకులు చూశాను. చిన్న రాయి లేదు. రెండవ గాజులోనూ లేదు. అమ్మీకి చెప్పనా, మాననా అని రెండు దినాలు సతమతమయ్యాను. పరుల నగ విషయంలో పాటించిన నియమాన్ని మన ఇంటి నగకు సడలిస్తే అది నియమమే కాదని తోచి, చెప్పాను.

అమ్మీ గాజులను చేతిలో తిప్పి చూసింది. "మీ దాదీ పక్కన కూర్చొని పనిచేసిన ఏ ఆడమనిషివో అయి ఉంటాయి. ఆమెకూ మనుమలుంటారు" అని, మునుపటి మెత్తని గుడ్డలోనే చుట్టి పెట్టెలో పెట్టింది.

విద్యార్థులారా! కర్త తెలియనంత మాత్రాన కర్త లేడని కాదు. తెలియని చోట ఒక గొప్ప పేరు అతికించడం ఆ అజ్ఞాత హస్తానికి మనం చేసే రెండవ అన్యాయం. మీరు ఏ పద్యాన్ని, ఏ వస్తువును పరిశీలించినా ముందు దాని వెనుకవైపు చూడండి. సాక్ష్యం ఆగిన చోట మీ కలాన్నీ ఆపండి.